ఉతకడానికీ ఆరేయడానికీ మధ్య

ఎవరైనా ఎవరినైనా గట్టిగా చీవాట్లు పెడితే "ఉతికి ఆరేశాడు" అంటాం. ఈ మాట పుట్టించింది మగవాళ్లే అయ్యుంటారని నాకో అనుమానం. ఎందుకంటే ఉతకడానికీ ఆరేయడానికీ మధ్య ఇంకో పని ఉంది. పిండడం. దాన్ని ఆ మాటలో వదిలేశారు. ఉతకడానికి బండ సాయం ఉంటుంది. ఆరేయడానికి తాడు ఉంటుంది. తడిసిన జంపఖానా పిండడానికి మాత్రం మన రెండు మణికట్లే దిక్కు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల గుడివాడలో మా అమ్మకీ తమ్ముడికీ వాషింగ్ మెషిన్ మీద పెద్ద గొడవే జరిగింది. 1993లో కొన్న మెషిన్ అది. రెండు తొట్లది. ఒక దాంట్లో ఉతుకుతుంది, పక్క దాంట్లో గిర్రున తిప్పి పిండుతుంది. షాపువాళ్లు సెమీ ఆటోమేటిక్ అంటారు, మా అమ్మ మాత్రం "జంట తొట్లది" అంటుంది. దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేసి కొత్త ఆటోమేటిక్ కొందామని తమ్ముడు. అది ఉండాల్సిందేనని అమ్మ. మధ్యవర్తిగా నేను వెళ్లాను. వెళ్లేటప్పుడు నేను తమ్ముడి పక్షమే. 30 ఏళ్లు దాటిన మెషిన్ మీద ఇంత మమకారం ఏమిటనుకున్నాను. తిరిగొచ్చాక ఈ మెషిన్ల కథ కూర్చుని చదివాను. చదివిన కొద్దీ మా ఇంటి కథే కనిపించింది.

వాషింగ్ మెషిన్ చరిత్ర అంటే అందరూ ఉతకడం గురించే చెబుతారు. నిజానికి ఆ పని తొందరగానే యంత్రం చేతికి వచ్చేసింది. చిక్కంతా పిండడం దగ్గరే. ఇంగ్లండులో, అమెరికాలో చాలా కాలం రెండు రోలర్ల పరికరం వాడేవారు. మన చెరకు రసం బండి ఉంటుంది చూడండి, అలాంటిదే. రోలర్ల మధ్య తడి బట్ట అంచు పెట్టి చక్రం తిప్పితే నీళ్లు ఇటు కారి, బట్ట అటు వస్తుంది. బొత్తాలు పగిలిపోయేవి. చేత్తో తిప్పినంత కాలం అంతవరకే నష్టం. దానికి కరెంటు మోటారు పెట్టాక బట్టతో పాటు వేళ్లు కూడా లోపలికి వెళ్లడం మొదలైంది. వేళ్ల వెనక చెయ్యి. మోచేతి దాకా నలిగిపోయిన పిల్లలు ఎంతమంది ఆసుపత్రులకు వచ్చారంటే, డాక్టర్లు ఆ దెబ్బకి ప్రత్యేకంగా "రింగర్ ఇంజురీ" అని పేరు పెట్టుకున్నారు. ఇంట్లో వాడే వస్తువు పేరు మీద ఒక గాయం ఉందంటే, దాని దగ్గర నిలబడ్డవాళ్లు ఎంత భయంగా పని చేసి ఉంటారో.

దీనికి విరుగుడు మనకి వానాకాలంలో రోజూ కనబడేదే. తడిసిన గొడుగును గిర్రున తిప్పితే చుక్కలు నాలుగు వైపులా ఎగిరిపోతాయి కదా. చిల్లుల తొట్టిలో బట్టలు వేసి అలాగే వేగంగా తిప్పితే నీళ్లు చిల్లుల్లోంచి బయటికి పోతాయి, బట్టలు తొట్టి గోడకి అతుక్కుని ఉండిపోతాయి. రోలర్లు అక్కర్లేదు, వేళ్లు నలగవు. అమెరికాలో 1920ల నుంచే ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. కానీ చిన్న ఇళ్లకు, చిన్న వంటగదులకు సరిపడేలా చేసి ఇంటింటికీ చేర్చిన కథలో ముఖ్యమైన ఊరు బ్రిటన్లోని వేల్స్ ప్రాంతంలో ఉంది. దాని పేరు మెర్థిర్ టిడ్‌ఫిల్.

అది ఇనుముకీ బొగ్గుకీ పేరుపడ్డ ఊరు. ఆ పనులు తగ్గి జనం ఇబ్బంది పడ్డ తర్వాత, 1948లో హూవర్ కంపెనీ అక్కడ వాషింగ్ మెషిన్ల ఫ్యాక్టరీ పెట్టింది. మొదట తయారుచేసింది ఒకే తొట్టి ఉన్న చిన్న మెషిన్. పైన పిండే రోలర్లు, తిప్పడానికి చేతి పిడి. అంటే ఉతకడం మెషిన్‌ది, పిండడం అమ్మది. 1957లో హూవర్‌మాటిక్ వచ్చింది. ఒకే పెట్టెలో పక్కపక్కనే రెండు తొట్లు. అడుగున చక్రాలు. వాడేటప్పుడు సింకు దగ్గరికి దొర్లించుకెళ్లి కుళాయికి పైపు తగిలించడం, అయ్యాక మళ్లీ బల్ల కిందికి నెట్టేయడం. వేడినీళ్ల తొట్టిలోంచి పక్క తొట్టిలోకి బట్టలు మార్చడానికి చెక్క పట్టకారు వాడేవారట.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. ఆ ఇల్లాళ్లు వేడి సబ్బునీళ్లు ఒక్కసారే వాడి పారబోసేవారు కాదు. ముందు తెల్లవి, తర్వాత రంగువి, చివరికి బాగా మాసినవి, అన్నీ అదే నీళ్లలో. పిండే తొట్టిలోంచి వచ్చిన సబ్బునీళ్లు మళ్లీ ఉతికే తొట్టిలోకి పోయే ఏర్పాటు కూడా ఉండేది. మా అమ్మ ఇప్పటికీ చేసేది సరిగ్గా ఇదే. నాన్న పంచెలు ముందు, మా బట్టలు తర్వాత, కాళ్లు తుడుచుకునే పట్టాలు ఆఖరున. ఆ నీళ్లతోనే బాత్రూమ్ కడగడం. వేల్స్‌లో ఇల్లాలికీ గుడివాడలో ఇల్లాలికీ ఎవరూ నేర్పకుండానే ఒకే లెక్క తెలిసింది.

1960ల మొదట్లో ఈ మెషిన్ల మీద బ్రిటన్లో పెద్ద సంచలనం నడిచింది. జాన్ బ్లూమ్ అనే కుర్ర వ్యాపారి దుకాణాలతో పని లేకుండా పత్రికల్లో ప్రకటనలిచ్చి, రెండు తొట్ల మెషిన్లను నేరుగా ఇళ్లకే తక్కువ ధరకి అమ్మాడు. మిగతా కంపెనీలూ ధరలు తగ్గించక తప్పలేదు. 1964లో అతని రోల్స్ రేజర్ కంపెనీ కుప్పకూలింది. కంపెనీ పోయినా మెషిన్ మాత్రం మామూలు ఇళ్లలోకి వచ్చేసింది.

మన ఇళ్లకి వచ్చిన రకం మాత్రం జపాన్‌ది. సాన్యో కంపెనీ 1953లో తెచ్చిన మెషిన్ ధర 28,500 యెన్‌లు. అప్పటికి అక్కడున్న వాటితో పోలిస్తే బాగా చవక. దానికీ పిండడానికి చేత్తో తిప్పే రోలర్లే. ఆ రోజుల్లో జపాన్ వాళ్లు టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఈ మూడింటినీ కలిపి, తమ చక్రవర్తుల మూడు పవిత్ర వస్తువుల పేరుతో పిలుచుకునేవారు. 1960లో సాన్యోనే రెండు తొట్ల మెషిన్ తెచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడి ఇళ్లలో అవే రాజ్యమేలాయి.

మనకి 1980ల చివరికి గానీ వాషింగ్ మెషిన్ అనేది మధ్యతరగతి ఇంటి మాట కాలేదు. దూరదర్శన్‌లో వీడియోకాన్ ప్రకటన పాట మా వయసు వాళ్లందరికీ నోటికొచ్చు. బీపీఎల్ పక్కన సాన్యో పేరు కూడా కనిపించేది. ఆటోమేటిక్ కూడా ఉండేది గానీ, మనకి జంట తొట్లదే కుదిరింది. ధర తక్కువ అన్నది ఒక కారణమే. కుళాయిలో ధారగా నీళ్లు రానక్కర్లేదు, బకెట్‌తో పోసుకోవచ్చు. మధ్యలో కరెంటు పోతే బట్టలు లోపల బిగుసుకుపోవు, మూత తీసి చేత్తో పని ముగించుకోవచ్చు. ఒకే నీళ్లు రెండు మూడు వాయిలకి వాడుకోవచ్చు. మన మున్సిపాలిటీ నీళ్లనీ, కరెంటు కోతలనీ ఎరిగినవాళ్లెవరో దగ్గరుండి చేయించినట్టే ఉంటుంది.

ఇక మా ఇంటి సంగతి. 1992లో మా నాయనమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. రోజుకి నాలుగు దుప్పట్లు తడిసేవి. బట్టలకి వచ్చే మామ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. మిగతావి ఆమె కాలవ రేవుకి తీసుకెళ్లేది గానీ, నాయనమ్మ దుప్పట్లు మూడు రోజులు ఆగవు కదా. అవన్నీ అమ్మే ఉతికేది. ఉతకడం అలవాటే. పిండడం దగ్గరే ఆమె చెయ్యి పోయింది. కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలై మణికట్టంతా పాకింది. గరిటె పట్టుకోలేకపోయేది. పాలగిన్నె దించబోయి రెండుసార్లు జారవిడిచింది. డాక్టరుగారు కట్టు కట్టి, మూడు వారాల పాటు మెలిపెట్టే పని ఏదీ చేయొద్దన్నారు.

మెషిన్ సంగతి అమ్మ అప్పటికే ఏడాదిగా అడుగుతోంది. నాన్న "చూద్దాం" అంటూ వచ్చారు. ఆ మూడు వారాలూ దుప్పట్లు పిండింది నాన్న. నాలుగో వారం మెషిన్ ఇంటికి వచ్చింది.

దీన్ని నేను నవ్వుతూ చెప్పినా నాన్నని తప్పు పట్టడానికి కాదు. ఆయనకి నిజంగా తెలియదు. రోజూ దండెం మీద ఆరిన దుప్పటి చూసిన మనిషికి మధ్యలో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? సగం డబ్బు అమ్మ చీటీదేనన్నది మాత్రం ఇక్కడ చెప్పి తీరాలి.

మెషిన్ వచ్చిన మొదటి వారంలోనే మామ్మ వచ్చి చూసింది. అమ్మ సంబరంగా మూత తీసి, పిండే తొట్టిలోంచి దుప్పటి తీసి ఆమె చేతికిచ్చింది. మామ్మ దాన్ని రెండు చేతులతో నొక్కి చూసింది. ఒక్క చుక్క కారలేదు. "పిండే పని కూడా ఇదే చేసుకుంటే, ఇక నేనెందుకమ్మా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే. అమ్మ "నువ్వు లేకపోతే ఎలా" అంది గానీ, ఆ తర్వాత ఆమెకి వేసే బట్టలు తగ్గాయి. గంజి చీరలు, ఇస్త్రీ మిగిలాయి. కొన్నాళ్లకి ఆమె కొడుకు ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు, మామ్మ రావడం మానేసింది. ఎన్నో ఏళ్లుగా మా ఇంటి మాసిన బట్టలన్నీ తెలిసిన మనిషి అలా మెల్లగా మా గుమ్మంలోంచి తప్పుకుంది. ఆమె మణికట్లు ఎలా ఉండేవో మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

రూత్ శ్వార్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో "మోర్ వర్క్ ఫర్ మదర్" అనే పుస్తకం రాశారు. ఇంటి యంత్రాలు వచ్చాక అమ్మ పని తగ్గలేదన్నది ఆవిడ వాదన. బయటివాళ్లు చేసే పని, ఇంట్లో మిగతావాళ్లు చేసే పని కూడా అమ్మ నెత్తికే వచ్చాయంటారు. మా ఇంట్లో అక్షరాలా అదే జరిగింది. మామ్మ తీసుకెళ్లే దుప్పట్లు కూడా అమ్మకే వచ్చాయి. మెషిన్ ఉంది కదా అని మేం రోజుకో జత మార్చడం మొదలుపెట్టాం. అయినా అమ్మని అడిగితే ఒకే మాట అంటుంది. "పని ఎక్కువైతే అయింది గానీ, చెయ్యి మిగిలింది."

ఆ చెయ్యి మిగలాలంటే మెషిన్ మిగలాలి. అందుకే 30 ఏళ్లుగా అమ్మ దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. దాని లోపల పెద్ద రహస్యాలేమీ లేవు. ఉతికే తొట్టికి ఒక మోటారు. అది బెల్టుతో తొట్టి అడుగున ఉన్న రెక్కల పళ్లేన్ని తిప్పుతుంది. టైమర్ దాన్ని కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పుతుంది. పిండే తొట్టికి వేరే మోటారు, సరిగ్గా తొట్టి కిందే నిలువుగా ఉంటుంది. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. దాని అదురు తట్టుకోవడానికి కింద స్ప్రింగులు, రబ్బరు దిమ్మలు.

మా మెషిన్‌లో ఎక్కువసార్లు చెడింది ఈ పిండే వైపే. మోటారు "మ్‌మ్‌మ్" అని మూలుగుతూ తిరగకపోతే చాలాసార్లు అది కెపాసిటర్ పని. చిన్న డబ్బా లాంటిది, ఖర్చు తక్కువే. కానీ ప్లగ్గు తీసేసినా దాంట్లో కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి మనం ముట్టుకోకూడదు. తొట్టి ఇరుసు చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది చిరిగితే నీళ్లు బొట్లుబొట్లుగా కింద ఉన్న మోటారు మీదే పడతాయి. మా ఇంట్లో మొదట అది తెలియక మోటారు కాల్చుకుని, రాగి తీగతో మళ్లీ చుట్టించాం. అప్పట్నుంచి మెషిన్ కింద నేల తడిగా కనిపిస్తే అమ్మ అదే రోజు మెకానిక్‌కి కబురు పెడుతుంది. ఇంకోసారి ఎలుకలు అడుగు నుంచి దూరి వైర్లు కొరికేశాయి. అప్పుడు అడుగున ఇనప జాలీ కట్టించింది.

మిగతావి రోజువారీ జాగ్రత్తలు. పిండే తొట్టిలో బరువైనవి అడుగున, తేలికవి పైన, ఖాళీ లేకుండా చుట్టూ సమంగా సర్దాలి. పైన చిల్లుల మూత నొక్కి పెట్టాలి. దడదడమంటే వెంటనే ఆపి మళ్లీ సర్దాలి తప్ప, అదే సర్దుకుంటుందిలే అనుకోకూడదు. రెయిన్‌కోటు లాంటి నీళ్లు పట్టని బట్టలు అందులో వేయకూడదు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుంటే నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు వేసి కాసేపు తిప్పితే వదులుతుంది. అన్నిటికంటే ముందు, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకే పెట్టాలి. తడి నేల మీద తడి చేతులతో వాడే వస్తువు అది.

ఇక పోయిన నెల గొడవ. ఈ మెషిన్లలో పిండే తొట్టి మూత తీయగానే రెండు జరగాలి. మూత దగ్గరున్న స్విచ్ కరెంటు ఆపేయాలి, ఒక తీగ వదులై బ్రేకు పట్టుకోవాలి. కొన్ని క్షణాల్లో తొట్టి ఆగిపోవాలి. వేసవిలో ఆ స్విచ్ పాడైంది. ఎప్పుడూ వచ్చే పెద్దాయన ఊళ్లో లేకపోతే వేరే అబ్బాయిని పిలిచారు. అతను స్విచ్ దొరకదని చెప్పి, రెండు వైర్లూ కలిపి డైరెక్ట్ చేసి వెళ్లిపోయాడు. మెషిన్ నడిచింది. మూత తీసినా నడిచింది. బ్రేకు తీగ కూడా సాగిపోయి ఉంది. ఒక రోజు అమ్మ అయిపోయిందనుకుని మూత తీసి వంగింది. పైట కొంగు లోపలికి పోయింది.

చెయ్యి పోలేదు. పక్కనే ఉన్న తమ్ముడి భార్య గబుక్కున ప్లగ్గు పీకేసింది. కొంగు చిరిగింది, అమ్మ భుజం మీద నూలు ఒరుసుకున్న ఎర్రటి గీత పడింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక తమ్ముడు భయంతోనే అరిచాడు, ఇవాళే పారేస్తానన్నాడు. నాకూ అది న్యాయంగానే అనిపించింది.

అమ్మ ఒకటే అంది. "తప్పు మిషనుది కాదురా. ఆగాల్సిన చోట ఆగేలాగే చేశారు దాన్ని. ఆ ఆపేదాన్ని మనమే పీకేశాం."

తర్వాత రోలర్లలో చేతులు నలిగిన పిల్లల గురించి చదువుతుంటే ఈ మాటే చెవిలో మోగింది. రోలర్ల కాలం నుంచి మూత స్విచ్ దాకా రావడానికి ఎన్నో చేతులు నలిగాయి. అలా వచ్చిన చిన్న స్విచ్‌ని ఐదు నిమిషాల పని కోసం మనం తీసేస్తున్నాం. మీ ఇంట్లో జంట తొట్ల మెషిన్ ఉంటే, ఈ పూటే ఖాళీ తొట్టి తిప్పి మూత తీసి చూడండి. ఆగకపోతే బాగుచేయించేదాకా వాడకండి.

అమ్మకి కొత్తది ఎందుకు వద్దో కూడా అప్పుడే అర్థమైంది. ఆ వీధిలో కుళాయి పొద్దున గంటసేపు వస్తుంది, ధార సన్నం. పట్టి పెట్టుకున్న నీళ్లతో పని జరగాలి. ఇప్పుడు 70 దాటిన ఆ మణికట్టు రుమాలు కూడా పిండలేదు. ఎవరినీ పిలవకుండా, ఎవరి కోసం ఎదురుచూడకుండా తన బట్టలు తాను చూసుకోవడానికి ఆమెకి తెలిసిన దారి ఇదొక్కటే. నేను మమకారం అనుకున్నది అసలు మమకారమే కాదు.

పెద్దాయన ఊరినుంచి వచ్చాక కబురు పెట్టాం. కలిపిన వైర్లు చూసి తల కొట్టుకున్నాడు. ఏదో పాత మెషిన్‌లోంచి తీసి దాచిన స్విచ్ తెచ్చి వేశాడు, బ్రేకు తీగ కొత్తది బిగించాడు. తమ్ముడు దగ్గర నిలబడి, మూత ఎత్తిన ప్రతిసారీ పైకి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, ఆగింది. నాలుగుసార్లు అలా చూశాక గానీ ఒప్పుకోలేదు. ఈసారి స్విచ్ పోయి దొరక్కపోతే మాత్రం కొత్తది కొనడమేనని షరతు పెట్టాడు. అమ్మ సరేనంది.

తర్వాత అమ్మ రెండు దుప్పట్లు వేసింది. ఆగాక మూత తీసి, తను తీయకుండా పక్కకి జరిగింది. తమ్ముడు వాటిని బకెట్లో వేసుకుని ఆరేయడానికి మేడ మీదికి వెళ్లాడు.